టెంక అంబలి

ఈ వేసవిలో ఒకరోజు పొద్దున్న బట్టలు ఆరేయడానికి డాబా మీదికి వెళ్లాను. నీళ్ల ట్యాంకు పక్కన పాత దుప్పటి ఒకటి పరిచి ఉంది. దాని మీద మామిడి టెంకల్లోని జీడి, సన్నగా తరిగి, ముక్కకు ముక్క తగలకుండా ఎంతో ఓపికగా ఎండబెట్టి ఉంది. నేను బకెట్టు కింద పెట్టి, దుప్పటి నాలుగు కొసలూ పట్టి మూటకట్టి, మెట్లు దిగి వెళ్లి, వీధి చివర ఆగిన చెత్తబండిలో పడేసి వచ్చాను. తిరిగి వచ్చేసరికి కోడలు సుస్మిత గుమ్మంలో నిలబడి ఉంది. తనది ఛత్రపురం, ఒడియా ఇంటి పిల్ల. మా ఇంటికొచ్చాకే తెలుగు నేర్చుకుంది, నన్ను మాత్రం వాళ్ల భాషలో మా అనే పిలుస్తుంది. వారం రోజులుగా ఇంట్లో తిన్న ప్రతి పండు టెంకనూ దాచి, పగలగొట్టి, నీళ్లు మార్చి మార్చి నానబెట్టిందట. ఉప్పూ వామూ వేసి వేయిస్తే భోజనమయ్యాక నమలడానికి బాగుంటాయని, వంటింట్లో ఏదీ వృథా పోనివ్వకూడదని, ఫోనులో ఎవరో చూపించారట. "మా, అవి నేను పెట్టినవి. ఎందుకు పారేశారు?" అని నెమ్మదిగానే అడిగింది. బూజు పట్టాయమ్మా అన్నాను. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆ తర్వాత రెండు రోజులు అడిగినదానికి జవాబే తప్ప మరో మాట మాట్లాడలేదు ఆ పిల్ల. దాని తప్పేమీ లేదు. నోటితో చెప్పలేనిది కాగితం మీదైనా పెడదామని కూర్చున్నాను.

నన్నెరిగినవాళ్లందరికీ నా మీద ఒక ఫిర్యాదు ఉంది. ఉన్న ఊరు బరంపురం. వేసవి వచ్చిందంటే ఏ వీధిలోకి తిరిగినా డాబాల మీద అప్పడాలు, గుమ్మాల్లో ఉప్పులో ఊరుతున్న మామిడి ముక్కలు, గాలిలో ఆవపిండి ఘాటు. ఈ ఊరి అప్పడాలూ ఊరగాయలూ ఎక్కడెక్కడికో పోతాయి. అలాంటి ఊళ్లో నలభై ఏళ్లు కాపురం చేసి నేను ఒక్క జాడీ కూడా పెట్టలేదు. కావలసినప్పుడు చిన్న పొట్లం కొంటాను, నాలుగు రోజులు దాటితే పారేస్తాను. నిన్నటి కూర నా ఇంట్లో ఈ రోజుకు ఉండదు. పప్పుడబ్బా మూత తీసినప్పుడు రవ్వంత ముక్కిన వాసన వచ్చినా డబ్బా మొత్తం బయటికే. నాతో బడిలో పనిచేసిన తోటి పంతులమ్మలు మీ ఇంట్లో ఎలుకలు కూడా పస్తులుంటాయని నవ్వేవారు. మా అమ్మ ఆఖరి పదకొండేళ్లు నా దగ్గరే ఉంది. బీరకాయ తొక్కు కూడా పారేయని మనిషి. అలాంటిది, నేను గిన్నెలకు గిన్నెలు పారబోస్తుంటే ఒక్కనాడూ కాదనలేదు. తల పక్కకు తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూసేది. కూతురి ఇల్లు కదా, ఎందుకులే అని ఊరుకుంటోందనుకునేదాన్ని.

మా ఊరు ఆంధ్రా సరిహద్దుకు ఇవతల, ఒడిశా వైపు, పొద్దున్న బయలుదేరితే ఇచ్ఛాపురం సంతకు నడిచి వెళ్లి రాగలిగినంత దూరంలో ఉండేది. ముప్పై గడపలు. సగం మా తెలుగువాళ్లవి, సగం ఒడియావాళ్లవి. మా ఇంట్లో అయిదుగురం. నాన్న, అమ్మ, నాన్నను కన్న మామ్మ, నేను, నాకంటే ఆరేళ్లు చిన్నది చెల్లెలు నూకాలు. కొండవాలులో కొంచెం మెట్ట ఉండేది. వాన పడితే చోళ్లు, అంటే రాగులు, పండేవి, పడకపోతే లేదు. అందుచేత మా ఇంట్లో వంట అనేది పొయ్యి దగ్గర మొదలయ్యేది కాదు. ఆరు నెలల ముందు, పెరట్లో, ఎండలో మొదలయ్యేది. మామ్మ లేవగానే ముందు చూసేది ఆకాశం. ఎండ కాసే రోజయితే చాప ఏదో ఒకటి పరవాల్సిందే. మాఘంలో వంకాయలు చవకగా వస్తే నాలుగు చీలికలు చేసి ఎండబెట్టేది. గోంగూర తుంచి నీడలో ఆరబెట్టి కుండలో కూరేది. బూడిద గుమ్మడి పొట్టలోది వడియాలకు, చెక్కు పచ్చడికి, గింజలు ఉప్పు నీళ్లు చల్లి వేయించి మాకు. పనస గింజలు మట్టిలో పొర్లించి మూల గోతిలో పాతేది. వానాకాలంలో తవ్వి తీసి పప్పులో వేస్తే ఆ రోజు పండగే. సముద్రం ఒడ్డున పొడంపేట నుంచి గంపలు నెత్తిన పెట్టుకుని వచ్చే ఆడవాళ్ల దగ్గర చింతపండు ఇచ్చి ఎండు మెత్తళ్ల చేపలు తీసుకునేది. వాటిని వండే రోజు ఆ వాసనకు అన్నం మామూలుకంటే ఒక ముద్ద ఎక్కువ దిగుతుందని, ఆ ముద్ద దొరకకుండా మామ్మ పొయ్యి మీద పెట్టే ముందే బియ్యం తగ్గించేది. కలి కడుగు, అదే బియ్యం కడిగిన నీళ్లు, ఒక్క బొట్టు నేల మీద పడనిచ్చేది కాదు. అది పులియడానికి తరవాణి కుండలోకి పోయేది. చద్దన్నం మేమనేదీ, పక్కింటి ఒడియావాళ్లు పఖాళ అనేదీ ఒకటే. దానిలోకి వాళ్లింటి నుంచి బడి చూర, అంటే నలిపిన వడియాలు, వస్తే మా ఇంటి నుంచి ఎండు మామిడి చెక్క వెళ్లేది.

నూకాలుకు ఆ మామిడి చెక్కలంటే ప్రాణం. ఒడియావాళ్లు ఆంబుల అంటారు, ఉప్పు పట్టించి ఎండబెట్టినవి. చాప మీద నుంచి ఒకటి తీసి, పైన ఉప్పంతా నాకేసి, ఏమీ ఎరగనట్టు మళ్లీ చాప మీదే పెట్టేది. మామ్మ చూడనే చూసేది. ఉప్పు లేని ముక్కలన్నీ ఏరి విడిగా పెట్టి, ఇవి నూకాలమ్మ గారి ఎంగిలి, దాని పప్పులోనే పడాలి అనేది. ఆ పిల్ల అన్నానికి కూర్చుంటే మొదటి ముద్దకే గిన్నెలోకి తొంగిచూసి ఇంకా ఉందా అని అడిగేది. ఉందన్నాకే తినేది. అయిదేళ్ల పిల్లకు ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు మాకు ఆలోచించే తీరిక లేదు.

వీటన్నిటికంటే పైన, పొయ్యికి సరిగ్గా ఎగువన, పొగ తగిలే చోట వాసానికి వేలాడేది టెంకల బుట్ట. దాని గురించి ఇంట్లోవాళ్లం బయట మాట్లాడేవాళ్లం కాము. టెంక పిండి కాచుకు తాగడం కొండమీద వాళ్లు చేసే పని అని, భూమి ఉన్నవాళ్లు చేస్తే పరువు తక్కువని ఊళ్లో ఒక లెక్క. అయినా శ్రావణ భాద్రపదాల్లో, పాత చోళ్లు అయిపోయి కొత్తవి ఇంకా కంకి వేయని రోజుల్లో, తలుపు దగ్గరగా వేసుకుని చాలా ఇళ్లల్లో అదే కాచేవారని నా అనుమానం. వేసవిలో మేం తిన్న పళ్ల టెంకలూ, తోటల్లో ఎవరో తిని పడేసినవీ ఏరుకొచ్చి, ఎండబెట్టి, పగలగొట్టి, జీడి తీసి, ముక్కలు కోసి మళ్లీ ఎండబెట్టేవాళ్లం. వాడుకునేటప్పుడు దంచి, గుడ్డలో మూటకట్టి, పారే గెడ్డలో, అంటే వాగులో, రాయి కింద పెడితే ఒక రోజుకు చేదూ వగరూ నీళ్లలో కొట్టుకుపోయేవి. మిగిలిన పిండికి గుప్పెడు చోడిపిండి కలిపితే నలుగురికి అంబలి. ఎండిందో లేదో మామ్మ కంటితో చూసేది కాదు. ముక్కను చెవి దగ్గర పెట్టుకుని విరిచేది. టక్కుమంటే బుట్టలోకి, మెత్తగా వంగితే మళ్లీ చాప మీదికి. ప్రతి ఏడూ చాప పరిచేటప్పుడు నన్ను పిలిచి ఒకే మాట చెప్పేది.

"తడి తగిలిన టెంక ఇసమే, అమ్మీ. పారీయాలి గాని దాసకూడదు."

వరసగా రెండేళ్లు వానలు సరిగా పడలేదు. నాన్న అందరిలాగే సూరత్ మిల్లుకు వెళ్లాడు. మొదట్లో ఉత్తరాలు వచ్చాయి, తర్వాత రాలేదు. మూడో ఏడు వైశాఖంలో భంజనగర్ అవతల ఉన్న మా మేనత్తకు కాన్పు వచ్చిందని మామ్మ అక్కడికి వెళ్లింది. కాన్పు కష్టమై, అత్త మంచం పట్టి, మామ్మ ఒక నెలకని వెళ్లింది కాస్తా నాలుగు నెలలు ఉండిపోయింది. అమ్మ పొద్దున్నే కూలికి పోయేది. చాపలూ ఎండా టెంకలూ నా పని అయ్యాయి. నాకు పదకొండేళ్లు. ఇంట్లో పెద్దదాన్నయ్యానని నాకు లోపల గర్వంగానే ఉండేది.

జ్యేష్ఠంలో ఒక మధ్యాహ్నం. టెంక ముక్కలు రెండు చాపల నిండా ఉన్నాయి, ఇంకొక్క ఎండ తగిలితే బుట్టలోకి ఎత్తేయొచ్చు. ఉన్నట్టుండి పడమట మబ్బు కట్టి గాలి లేచింది. ఆ గాలికి ఊరి చివర తోటలో కాయలు రాలతాయని ఊళ్లో పిల్లలందరికీ తెలుసు. రాలిన కాయ ఎవరు ఏరుకుంటే వాళ్లది. అప్పటికే వీధిలో పరుగుల చప్పుడు వినిపిస్తోంది. నేను చాపలకేసి చూశాను, మబ్బుకేసి చూశాను. వచ్చి ఎత్తుదాంలే అనుకున్నాను. నూకాలును అరుగు మీద కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి పరిగెత్తాను. పావడా నిండా కాయలు ఏరాను. ఏరుతుండగానే చినుకులు మొదలయ్యాయి. ఇంకో నాలుగు, ఇంకో నాలుగు అనుకుంటూ ఉండిపోయాను. ఇంటికి వచ్చేసరికి నూకాలు ఒక్కతే చాప కొస పట్టుకుని లోపలికి లాగాలని చూస్తోంది. దాని వల్ల కాలేదు. జుట్టంతా తడిసి, నన్ను చూసి ఏడుపు మొదలెట్టింది. చాపల మీద నీళ్లు నిలిచి ఉన్నాయి.

మామ్మ మాట గుర్తు రాలేదని చెప్పలేను. గుర్తొచ్చింది. కానీ ఆ రెండు చాపలూ మా నెలన్నర కష్టం. పారేస్తే అమ్మ ఏమంటుందోనని భయం. ముక్కలన్నీ గుడ్డతో ఒత్తాను. మర్నాడు, మూడోనాడు ఎండబెట్టాను. ఎండ అంతంత మాత్రంగానే కాసింది. మామ్మలాగే చెవి దగ్గర పెట్టి విరిచాను. కొన్ని టక్కుమన్నాయి, కొన్ని అనలేదు. అననివి బుట్ట అడుగున పోసి, అన్నవి పైన సర్ది, వాసానికి కట్టేశాను. అమ్మతో తడిసిన సంగతి చెప్పలేదు. నూకాలును కూడా చెప్పొద్దన్నాను. అది చెప్పలేదు. అమ్మ ఆ రోజు నేను ఏరుకొచ్చిన కాయల్ని చూసి ఎంత సంతోషపడిందో. నా తల నిమిరి, పెద్దయిపోయిందే నా కూతురు అంది. వాటిలో కొన్ని పప్పులో వేసి, మిగిలినవి కోసి ఉప్పు పట్టించింది.

ఆ ఏడు వానలు రాక రాక శ్రావణంలో ఒకేసారి వచ్చాయి. వారం రోజులు ముసురు పట్టింది. కూలి లేదు. చోళ్ల కుండ ఖాళీ అయి అప్పటికి చాలా రోజులైంది. ఎండు కూరలు అయిపోయాయి, పనస గింజలు అయిపోయాయి. మేం మావుసి అని పిలిచే పక్కింటి ఒడియా పిన్ని తన ఇంట్లో ఉన్నంతకాలం ఏదో ఒకటి పంపింది. తర్వాత వాళ్ల పొయ్యిలో కూడా పొగ కనిపించడం మానేసింది. అంతకు ముందే రెండు దఫాలు అమ్మ టెంకల బుట్ట దించి పైపైన ముక్కలు తీసి కాచింది, ఎవరికీ ఏమీ కాలేదు. నా భయం కూడా పోయింది. మామ్మ ఊరికే బెదిరిస్తుందనుకున్నాను. ముసురు పట్టిన ఆరో రోజు, ముందురోజంతా నీళ్లు తాగి పడుకున్న పిల్లలం లేవగానే, అమ్మ బుట్ట దించి మాకు వీపు పెట్టి కూర్చుని చాలాసేపు ఏదో ఏరింది. కడిగింది. దంచింది. గెడ్డ పొంగి ఉంది కాబట్టి మూట అక్కడ పెట్టే వీల్లేక, కుండలోనే నీళ్లు పోసి వంచి, పోసి వంచి, పొద్దు వాలుతుండగా కాచింది.

నా గిన్నెలో పోసిన అంబలి రెండు గుక్కలు తాగాను. తడిమట్టి వాసన. పాతబడ్డ గోనెసంచి వాసన. మూడో గుక్క గొంతు దిగలేదు. నూకాలు అప్పటికే తనది తాగేసి గిన్నె నాకుతోంది. ఇంకా ఉందా అంది. అమ్మ తన గిన్నె అందుకునేలోపు నేను నా గిన్నె దాని ముందుకు తోశాను. నాకు వద్దు, నువ్వు తాగు అన్నాను. ఆ పిల్ల నాకేసి ఒకసారి చూసింది, నిజమా అన్నట్టు. రెండు చేతులతో గిన్నె ఎత్తి ఆపకుండా తాగేసింది. ప్రేమతో ఇవ్వలేదు నేను. అది బాగాలేదని ఇచ్చాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

తెల్లవారేసరికి ముగ్గురికీ వాంతులు. అమ్మా నేనూ కక్కేసి తేరుకున్నాం. నూకాలు తేరుకోలేదు. దాని కళ్లు పైకి వెళ్లిపోతున్నాయి, చేతులు బిగుసుకుపోతున్నాయి. అమ్మ దాన్ని భుజాన వేసుకుని బయలుదేరింది. బరంపురం పెద్దాసుపత్రికి పోవాలంటే గెడ్డ దాటి రోడ్డెక్కాలి, అక్కడ బస్సు దొరుకుతుంది. నేను వెనకాలే పరిగెత్తాను. ఊళ్లో నలుగురు మగవాళ్లు తోడొచ్చారు. గెడ్డ రెండు గట్లూ కమ్మేసి ఎర్రగా పారుతోంది. తాడు కట్టి దాటుదామని ఒకతను దిగి, నడుములోతుకు వెళ్లి వెనక్కి వచ్చేశాడు. కాసేపు ఆగుదాం, తగ్గుతుంది అన్నారు. అవతల రోడ్డు మీద బరంపురం బస్సు వచ్చి, ఆగి, వెళ్లిపోవడం మాకు కనబడింది. అమ్మ గట్టు మీద బురదలో కూర్చుని నూకాలును ఒళ్లో పడుకోబెట్టుకుంది. ఎవరో తాటాకు గొడుగు పట్టారు. అమ్మ దాని నోట్లో చిటికెడు ఉప్పు వేసి నీళ్లు పట్టించాలని చూసింది. నీళ్లు పక్కకు కారిపోయాయి. మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి దాని బిగుసుకున్న చేతులు వదులయ్యాయి. తగ్గుముఖం పట్టిందనుకుని నేను అమ్మకేసి చూశాను. అమ్మ గెడ్డకేసి చూస్తోంది. సాయంత్రానికి నీళ్లు మోకాలి లోతుకు తగ్గాయి. అప్పుడు దాటాల్సిన పని లేకపోయింది.

నాలుగు రోజులకు సర్కారు మనిషి ఒకతను వచ్చి ఏం తిన్నారని అడిగాడు. అమ్మ చోడి అంబలి అంది. అంతకు మించి ఆమె నోట రాలేదు. పిల్ల పోయిన ఇంట్లో కూడా, టెంక పిండి తిన్నామని చెప్పడానికి సిగ్గు. ఊళ్లోవాళ్లు ఇసపు జరం అనుకున్నారు. నా గిన్నె సంగతి మాత్రం ఊరంతా పాకింది. అమ్మే చెప్పింది. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లూ నన్ను దగ్గరకు తీసుకునేవారు. "సొంత వాటా సెల్లికి పెట్టీసింది గుంట. ఎంత పేనమో" అని కళ్లు తుడుచుకునేవారు. నేను వాళ్ల చేతుల్లోంచి జారుకుని పశువుల కొట్టం వెనక్కి పోయి కూర్చునేదాన్ని. చెప్పేద్దామని ఎన్నిసార్లు నోరు తెరిచానో. ఎదురుగా అమ్మ ముఖం కనబడగానే మాట లోపలికి పోయేది.

కబురందుకుని మామ్మ వచ్చింది. ఏడవలేదు. పొయ్యి దగ్గరకు వెళ్లి, బుట్ట దించమని అమ్మతో అంది. అడుగున ఇంకా గుప్పెడు ముక్కలున్నాయి. ఒకటి తీసి వాసన చూసింది. తలెత్తి అమ్మకేసి చూసింది. అమ్మ తల దించుకుంది. ఆ చూపు నా కోసమని, నా గుట్టు బయటపడిపోయిందని నేను గోడకు అతుక్కుపోయాను. మామ్మ ఎవరినీ ఏమీ అనలేదు. బుట్టతో సహా పెరట్లో గొయ్యి తీయించి పాతేసింది. ఆ తర్వాత ఆవిడ బతికిన ఆరేళ్లలో మళ్లీ చాప పరవలేదు. పొద్దున్నే లేచేది, ఆకాశం చూసేది, లోపలికి వచ్చి కూర్చునేది.

నాన్న వచ్చాడు. మిల్లులో చెయ్యి నలిగి నెలల తరబడి పని లేక, ఆ సంగతి రాయలేక ఊరుకున్నాడట. ఆ ఏడే మెట్ట వదిలేసి బరంపురం వచ్చేశాం. అమ్మ అప్పడాలు చేసే ఇంట్లో పనికి కుదిరింది. రోజంతా పిండి పిసికి, వత్తి, ఎండలో పరిచి, మబ్బు పడితే అందరికంటే ముందు లేచి తీసేది ఆమేనని అక్కడివాళ్లు చెప్పుకునేవారు. ఆ చేతుల మీదే నేను తెలుగు బడిలో చదివి, ఆ బడిలోనే పంతులమ్మనయ్యాను. నా పెళ్లిచూపుల్లో కూడా అమ్మ ఆ గిన్నె కథే చెప్పింది. మా అత్తగారు అది విని, ఇలాంటి పిల్ల ఇంటికొస్తే ఇల్లు నిలబడుతుందని అన్నారు. ఆ మంచిపేరు మీదే నా కాపురమంతా గడిచింది. తిన్న ప్రతి ముద్దకూ ముందు వాసన చూశాను. నా కొడుకు చిన్నతనంలో వాడి పళ్లెంలో నాకు అనుమానం వచ్చిన మెతుకు ఒక్కటి కూడా ఉండనివ్వలేదు. వాడు ఇంకా ఆకలిగా ఉందన్నా సరే, లాగేసి పారేసేదాన్ని. దానికి శుభ్రత అని పేరు పెట్టుకున్నాను.

పోయినేడు అమ్మ మంచాన పడింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక, ఒక మధ్యాహ్నం ఆమెకు జావ తాగిస్తున్నాను. రెండు చెంచాలకు చాలని చెయ్యి అడ్డం పెట్టింది. ఏమైందో నాకు, గిన్నె కింద పెట్టి మొత్తం చెప్పేశాను. మబ్బు, కాయలు, చాపలు, బుట్ట అడుగున పోసినవి, నా గిన్నెలో వచ్చిన వాసన. ప్రేమతో ఇవ్వలేదమ్మా, అది చెడిపోయిందని ఇచ్చానని చెప్పాను. అరవై దాటినదాన్ని, పదకొండేళ్ల పిల్లలా వెక్కిళ్లు పెడుతున్నాను. అమ్మ ఆయాసపడుతూ, ఆగి ఆగి, మాట్లాడింది.

"బూజు నాను సూసినానే. బుట్ట దించినప్పుడే సూసినాను. కప్పు కారి తడిసినాయనుకున్నాను. నువ్వని నాను అనుకోనేదు. బాగా నల్లగున్నవి ఏరి పారేసినాను, మిగతావి కడిగినాను. కాసినా ఇసం పోదని నాకు తెలుసు. మీ మామ్మ నాకూ సెప్పింది కదా. ఆయాల ఇంట్లో ఇంకేటీ నేదు."

నా వెక్కిళ్లు ఆగిపోయాయి. అమ్మ చెయ్యి నా చేతిలోనే ఉంది. పట్టుకోవాలో వదిలేయాలో తెలియలేదు. మామ్మ చూపు, దించుకున్న తల, అప్పడాల ఇంట్లో అందరికంటే ముందు లేచిన మనిషి, నేను గిన్నెలు పారబోస్తుంటే కిటికీలోంచి బయటికి చూసిన ముఖం, అన్నీ ఒక్కసారిగా ఎదుట నిలబడ్డాయి. మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"సెప్తే నన్ను అమ్మా అని పిలుస్తావా?" అంది.

మళ్లీ ఆమే అడిగింది, ఆ రోజు నువ్వు ఎంత తాగావని. రెండు గుక్కలు అన్నాను. వేళ్లతో నా మణికట్టు చుట్టూ పట్టుకుంది, అంత బలం ఆమెలో ఉందని నాకు తెలియదు.

"రెండే. ఆ గిన్నె మాట నాను ఎవులికి సెప్పినా అందుకే సెప్పినానే. నువ్వు మంచిదానివని కాదు. రెండు గుక్కలే తాగినావని. నువ్వూ మొత్తం తాగీసుంటే నాను ఆ గెడ్డలోకి దిగిపోదును."

ఆ తర్వాత ఇరవై రోజులకు అమ్మ పోయింది. ఆ ఇరవై రోజుల్లో మేం ఈ విషయం మళ్లీ ఎత్తలేదు. మందులు, పక్క దుప్పటి, కిటికీ తలుపు, ఇవే మాటలు. ఒకరినొకరం క్షమించుకున్నామా అంటే, ఆ మాట మా ఇద్దరిలో ఎవరి నోటా రాలేదు. క్షమించాల్సింది మేమిద్దరం కాదు కదా, అయిదేళ్ల పిల్ల. ఆకలి లేని రోజుల్లో కూర్చుని ఆకలి రోజుల్ని తూచడం తేలిక. ఇప్పుడు నా ఇంట్లో పొయ్యి వెలిగించకపోయినా పది రోజులు గడుస్తాయి, ఫ్రిజ్‌లో పెట్టింది పెట్టినట్టే ఉంటుంది, అది చెడితే వీధి చివర బండి వస్తుంది. ఆ రోజు అమ్మ ముందు ఉన్నవి రెండే. పిల్లల్ని ఇంకో రోజు నీళ్లతో పడుకోబెట్టడం, లేదా ఆ ముక్కలు కడిగి దంచడం. ఆమె స్థానంలో నేనుంటే ఏం చేసి ఉండేదాన్నో ఎన్నిసార్లు ఆలోచించినా, ప్రతిసారీ నా చేతులు ఆ ముక్కల్ని కడుగుతూనే కనబడతాయి. పిల్లల్ని నీళ్లతో పడుకోబెట్టడానికి ఏ తల్లికైనా ఎన్ని రోజులు మనసొప్పుతుంది. నాకు అమ్మ మీద కోపం లేదు. పదకొండేళ్ల ఆ పిల్ల మీద మాత్రం పోలేదు. చాపలు ఎత్తి లోపల పెట్టి వెళ్లడానికి దానికి ఎంతసేపు పట్టేది.